తెల్ల దారం కట్టిన వరస

కోవిల్‌పట్టి,
18 జనవరి 2025

ఉషాకు,

నీ అత్త పంచవర్ణం కోపంగా రాస్తున్నది, నువ్వు నిదానంగా చదువు. ఫోన్‌లో తిడదామంటే సగంలో “సిగ్నల్ లేదత్తా” అంటావు. కాయితానికి సిగ్నల్ అక్కర్లేదు. మీ ల్యాబ్ వ్యాన్ శనివారం శనివారం వస్తుంది కదా, డ్రైవర్ ఇసక్కిరాజా చేతికిస్తే సాయంత్రానికి విరుదునగర్‌లో నీకు చేరుతుంది.

నీ అనాస మొక్కలు పొద్దున్నే దిగాయి. పన్నెండు వందలు. ఒక్కొక్కటి నా చిటికెన వేలంత కూడా లేదు. గాజు సీసాల్లో పుట్టిన పిల్లలని చెప్పావు గానీ, ఊదితే ఎగిరిపోయేట్టు ఉంటాయని చెప్పలేదు. ఈ ఊరి గాలికి మిరప నారే వాడిపోతుంది, వీటి గతేమిటి? పెరట్లో నా పచ్చ వల పందిరి కింద పెట్టించాను. ఇవి కాస్త గట్టిపడి వత్రాప్ కొబ్బరి తోపుల్లోకి చేరేదాకా మా బాధ్యతే అన్నావు కాబట్టి సరే.

కానీ ఆ నాలుగు పేజీల కాయితం ఏమిటమ్మా? మొదటి మాటే “చేతులు కడుక్కోవాలి” అట. ముప్పై ఏళ్ళుగా నారు పోస్తున్నదాన్ని, నాకు చేతులు కడుక్కోవడం నేర్పుతావా? సగం మొక్కలకు పసుపు దారం, సగానికి తెల్ల దారం కట్టి పంపావు. పసుపు దారం వాటి వేళ్ళు నీ క్యాన్‌లోని మందునీళ్ళలో ముంచాలి, ఆపైన పది రోజులకొకసారి పొయ్యాలి. తెల్ల దారానికి ఉత్త నీళ్ళు. ఆ మందు మూత తీస్తే పుల్లటి గంజి వాసన. అందులో కోట్ల కొద్దీ పురుగులున్నాయని ఇసక్కిరాజా నవ్వుతున్నాడు. పురుగులు పడకుండా మందు కొట్టేవాళ్ళను చూశాను గానీ, పురుగులను మందుగా పోసేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను.

నా మోకాళ్ళు వంగవు కాబట్టి ముంచడం, పోయడం అంతా మారీశ్వరి చేతి మీదే. పందొమ్మిదేళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్నది. నేను వరండాలో కుర్చీ వేసుకుని చూస్తుంటాను. నీకేం భయం లేదు.

మీ అత్త


విరుదునగర్,
25 జనవరి 2025

అత్తకు ఉషా దండం.

అవి పురుగులు కావత్తా, బాక్టీరియా. మంచివి. పెరుగు తోడుకునేది కూడా అలాంటి వాటితోనే, రోజూ రెండు గరిటెలు వేసుకుంటావు కదా, అప్పుడు నవ్వు రాదా? ఇవి వేరును పట్టుకుని ఉంటాయి. గాలిలో ఉన్న నత్రజనిని, మట్టిలో బిగిసిపోయిన భాస్వరాన్ని మొక్క తాగేట్టుగా మార్చి పెడతాయి. వత్రాప్‌లో ఒక కొబ్బరి తోపులో ఎరువు వెయ్యకుండానే ఏపుగా ఉన్న అనాస కనిపిస్తే, దాని వేళ్ళు కడిగి ఈ బాక్టీరియాను పట్టుకున్నదాన్ని నేనే. రెండేళ్ళు పట్టింది. పోయిన ఏడాది ఇక్కడ మా షెడ్డులో ఇది లేకుండా వెయ్యి మొక్కలు బయటపెడితే నాలుగు వందలే మిగిలాయి.

విషయం ఏమిటంటే, ఏప్రిల్ ఆఖరుకు మా రామచంద్రన్ సార్ వచ్చి కొలుస్తారు. తెల్ల దారం కంటే పసుపు దారం మొక్కలు బాగా పెరిగి ఉంటే నా బాక్టీరియాను ల్యాబ్ తీసుకుంటుంది, నన్నూ ఉంచుతుంది. లేదంటే మే నెలతో నా పని అయిపోయినట్టే. అంతా నీ పందిట్లోనే ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను. తెల్ల దారం వాటికి ఒక్క చుక్క కూడా పడకూడదు. ఎందుకు ఏమిటి అని అడక్కు, అది చెప్పాలంటే పెద్ద కథ. మారీశ్వరికైతే చెప్పినా అర్థం కాదు. చెప్పింది చేస్తే చాలు.

ఉషా


కోవిల్‌పట్టి,
1 మార్చి 2025

ఉషాకు,

నా మనవడి చెవులు కుట్టే పండగకు ముక్కు మొహం తెలియనివాళ్ళు కూడా వచ్చారు. రెండు గంటల దూరం లేని నువ్వు రాలేదు. “ప్లేట్లలో బాక్టీరియా పెట్టానత్తా, వదిలి రాలేను” అని కబురు. వాటికి నువ్వు లేకపోతే ఏడుపొస్తుందా? మీ నాన్న ఆకు ముందు కూర్చుని నువ్వు వస్తావేమోనని గుమ్మం వైపే చూశాడు.

పండగ మాత్రం బాగా జరిగింది. హాల్లో మూడు పంక్తులు లేచాయి. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా తెప్పించాను, ఆకుకొకటి. పనివాళ్ళకు ఎప్పటిలాగే చివర్న, కొట్టం దగ్గర పెట్టించాను. వాళ్ళ దాకా వచ్చేసరికి కోవా అయిపోయింది, పాయసం కూడా అడుగంటింది. అప్పడాలు రెండేసి వెయ్యమన్నాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మొక్కలా? వచ్చి చూడు. ఆకు మీద మెరుపొచ్చింది. వేరు చూద్దామని ఒకదాన్ని లేపితే రాలేదు, అంతగా పట్టుకుంది. కానీ నీ క్యాన్ అయిపోయింది. ఇంకొకటి పంపు. పిల్లలకు పాలు పంపుతూ కొలతలేమిటి నీకు?

మీ అత్త


విరుదునగర్,
8 మార్చి 2025

అత్తా,

క్యాన్ అయిపోవడం ఏమిటి? ఏప్రిల్ ఆఖరు దాకా రావాలి అది. నేనే కొలిచి పోశాను, మూత మీద రాశాను కూడా. ఇంకో క్యాన్ పంపుతున్నాను గానీ, ఇది తయారుచెయ్యడానికి నేను సార్ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

చెప్పకూడదనుకున్నాను. కిందటి శనివారం మారీశ్వరి తన సంచిలో ఒక సీసా పెట్టుకుని పోతుంటే ఇసక్కిరాజా చూశాడట. వాళ్ళ వీధిలో అందరికీ గుమ్మం ముందు మిరప చెట్లున్నాయి కదా. నేను ఎవరినీ ఏమీ అనడం లేదు. మందు పొయ్యకుండా నీళ్ళు కలిపి లెక్క చూపిస్తే మాత్రం పోయేది నా బతుకు. ఆ వరండా కుర్చీలో కూర్చుని నువ్వు ఏం చూస్తున్నట్టు?

ఉషా


కోవిల్‌పట్టి,
15 మార్చి 2025

ఉషా,

నువ్వు ఎవరినీ ఏమీ అనడం లేదా? అనేశావు కదమ్మా, ముందు దాన్ని, తర్వాత నన్ను. పందొమ్మిదేళ్ళలో నా ఇంట్లో ఒక చెంచా పోలేదు. బీరువా తాళం వరండాలో మరిచిపోయి పెళ్ళికి పోతే, కొంగున కట్టుకుని నేను వచ్చేదాకా గుమ్మంలో కూర్చున్న మనిషి అది. నీ గంజినీళ్ళు దొంగిలిస్తుందా?

అయినా నువ్వు రాశావు కాబట్టి అడిగాను. దానితో పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళ ముందు నిలబెట్టి, సంచి దులపమన్నాను. ఒక దువ్వెన, మాత్రల చీటీ, తాగడానికి నీళ్ళ సీసా. అంతే. ఉత్త నీళ్ళే, నేను వాసన చూశాను. “నేను ఎత్తుకోలేదమ్మా” అని, అన్నీ ఏరుకుని సంచిలో వేసుకుంది. అందరూ తలలు వంచుకుని మళ్ళీ పనిలో పడ్డారు. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇదంతా నీ వల్లే.

ఇంకోసారి ఆ డ్రైవర్ మాటలు మోసుకొస్తే వ్యాన్ నా వీధిలోకి రానివ్వను.

అత్త


విరుదునగర్,
26 ఏప్రిల్ 2025

అత్తా,

సార్ మంగళవారం మీ ఇంటికి వచ్చి కొలిచింది నీకు తెలుసు. కాఫీ బాగుందని చెప్పారు. మిగతాది ఇది.

పన్నెండు వందల్లో పదకొండు వందల నలభై రెండు బతికాయి. పసుపు దారం ఆకు ఎంతో, తెల్ల దారం ఆకూ అంతే. వేళ్ళు అంతే, బరువు అంతే. తేడా లేదు. “నీ బాక్టీరియా పోసినా ఒకటే, పొయ్యకపోయినా ఒకటే” అని సార్ అందరి ముందూ నన్ను అన్నారు. నా రెండేళ్ళ కష్టం మీద ఎర్ర సిరాతో ఒక గీత గీశారు. మే ముప్పై ఒకటిన నేను తాళాలు అప్పగించాలి.

పసుపు దారానికి అందాల్సింది అందలేదు. మందు ఎక్కడికో పోయింది, బదులుగా నీళ్ళు పోశారు. నేను ముందే చెప్పాను, నువ్వు మీ మారీశ్వరిని వెనకేసుకొచ్చావు. ఇప్పుడు సంతోషమా?

ఉషా


కోవిల్‌పట్టి,
3 మే 2025

ఉషా,

మొక్కలు బతికితే తప్పా? ఇదేం చదువు? పన్నెండు వందల పిల్లలనిచ్చి సాకమన్నావు, యాభై ఎనిమిది తప్ప అన్నిటినీ నిలబెట్టి చూపించాం. నిప్పులు చెరిగే ఎండల్లో, మునిసిపాలిటీ నీళ్ళు ఎనిమిది రోజులకొకసారి వచ్చే ఊళ్ళో. మెచ్చుకోవాల్సింది పోయి తేడా లేదని ఏడుస్తావా? సగం చచ్చి ఉంటే మీ సార్‌కు సంతోషంగా ఉండేదా? అలాంటి మనిషికి ఫిల్టర్ కాఫీ ఇచ్చానే అని ఇప్పుడు బాధగా ఉంది.

కానీ నీ ఉద్యోగం పోతుందని చదివాక నా ఒళ్ళు మండిపోయింది. మారీశ్వరిని పిలిచి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. అంతా విని చెప్పింది చూడు, నేను ఒక్క అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

“నేను ఎత్తుకోలేదమ్మా, అన్నిటికీ పోసినాను. పసుపు దారానికీ పోసినా, తెల్ల దారానికీ పోసినా. ఒకే పందిట్లో పెట్టినారు, ఒకే ఎండ కాస్తాది. సగానికి మరుందు పోసి, సగానికి ఒట్టి నీళ్ళు పోసి, అవి వాడిపోతా ఉంటే చూస్తా నిలవమంటే నా వల్ల కాదు. ఆ తెల్ల దారం చూస్తే కొట్టం కాడ కూసున్న మా వరసే గ్యాపకం వస్తాది.”

మరుందు అంటే నీ మందే. విన్నావా? నా ఇంటి పండగ మాట ఎత్తింది నా మొహం మీదే. మొక్కలకూ దానికీ ఏం సంబంధం? పెట్టకుండా పంపానా? కడుపు నిండా పెట్టాను కదా. అంత మనసులో పెట్టుకుని రెండు నెలలు నవ్వుతూ తిరిగిందన్నమాట. రేపటి నుంచి రావద్దన్నాను. తట్ట అక్కడే పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. ఇవాళ మిగతా ఆరుగురూ కూడా రాలేదు. మొక్కలకు నేనే వంగి నీళ్ళు పోస్తున్నాను, నడుము విరిగిపోతున్నది.

నీ దొంగ దొరికింది. మీ సార్‌కు చెప్పుకో.

అత్త


విరుదునగర్,
10 మే 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చుండిపోయాను. మొదట ఏడ్చాను, తర్వాత కోపం వచ్చింది. మారీశ్వరి మీద కాదు.

మందు అన్నిటికీ అందింది కాబట్టే అన్నీ బతికాయి. నా బాక్టీరియా పనిచేసిందత్తా! మన పందిట్లో వాటికి అందని మొక్క ఒక్కటీ లేదు, అందుకే తేడా కనిపించలేదు. సరిగ్గా సగం రోజులకే క్యాన్ ఎందుకు అయిపోయిందో లెక్క కట్టే బుర్ర నాకు లేకపోయింది. దొంగతనం మాత్రం వెంటనే తోచింది.

ఆ తెల్ల దారం మొక్కలు ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను, పెద్ద కథేమీ కాదు. పొయ్యని మొక్క పక్కన ఉంటేనే పోసిన మొక్కకు ఏం ఒరిగిందో లోకానికి తెలుస్తుంది. పక్కన అది లేకపోతే “వానలు బాగా పడ్డాయేమో, మట్టి మంచిదేమో” అంటారు. పోయిన ఏడాది చచ్చిన ఆరు వందల మొక్కలను చూపించాను, వేరే ఊరు, వేరే ఏడాది, చెల్లదన్నారు సార్. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మారీశ్వరికి చెప్పినా అర్థం కాదని రాశాను. నాకంటే ఆవిడకే బాగా అర్థమయ్యేది. పొయ్యని వరసలో ఉండటం ఏమిటో తెలిసిన మనిషి ఆవిడే.

నువ్వు ఏం సంబంధం అని అడిగావు కాబట్టి చెబుతున్నాను, తిట్టుకో. పందొమ్మిదేళ్ళు. మన ఇంట్లో ప్రతి పండగకూ గిన్నెలు తోమింది ఆవిడ. ఒక్కసారైనా వేడి అన్నం ఆవిడ ఆకులో పడిందా? ఎవరూ ఏమీ అనుకోలేదని రాశావు. ఎవరిని అడిగావు? నేనూ నీతో పాటే ఆ ఇంట్లో తిరిగాను, చూశాను, నోరు మూసుకున్నాను. నా మీద కూడా నాకు అసహ్యంగా ఉంది.

సార్ ఒక ఫారం ఇచ్చారు. “పొరపాటు ఎవరిది” అని ఒక గడి. “కూలి మనిషి పేరు రాసెయ్యమ్మా, ఫైలు మూసేద్దాం” అన్నారు. నేను నా పేరు రాసి, కారణం చెప్పకుండా పని చేయించానని కింద రాశాను. ఆయన చాలాసేపు అరిచారు. నేనూ అరిచాను, ల్యాబ్‌లో అందరూ చూస్తుండగా. చివరికి ఆగస్టు దాకా గడువిచ్చారు, కొత్త మొక్కలతో ఇంకొకసారి చెయ్యమన్నారు. అదే పందిరి, అవే చేతులు ఉంటేనే లెక్కలోకి వస్తుందట. పోసిన వాళ్ళే మళ్ళీ పొయ్యాలి.

కాబట్టి మారీశ్వరి రావాలి. నువ్వే వెళ్ళి పిలవాలి. ఇంకొకరితో కబురు పంపావంటే నేను నీ ఇంటి గడప తొక్కను.

ఉషా


కోవిల్‌పట్టి,
17 మే 2025

ఉషాకు,

నన్ను ఇన్ని మాటలు మీ తాత కూడా అనలేదు. అయిదారు రోజులు నీ ఉత్తరాన్ని బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి తిరిగాను. నిన్న తీసి మళ్ళీ చదివాను, చెప్పులేసుకున్నాను.

ఆమె ఇల్లు ఎక్కడో నాకు తెలియదు ఉషా. పందొమ్మిదేళ్ళు నా ఇంటికి వచ్చిన మనిషి ఇల్లు. వీధి కుళాయి దగ్గర అడిగితే ఒక ముసలావిడ నన్ను కింద నుంచి పైదాకా చూసి, వేలు చూపించింది. మారీశ్వరి గుమ్మంలో అగ్గిపెట్టెల అట్టలు అతికిస్తూ కూర్చుంది. లేచి నిలబడింది గానీ రమ్మనలేదు. నేనూ అడగలేదు. ఎండలో నిలబడే నువ్వు రాసిందంతా చెప్పాను, పొయ్యని మొక్క పక్కన ఎందుకుండాలో.

మొత్తం విని, “ఇది ముందే చెప్తే నేను ఎందుకు పోస్తానమ్మా?” అన్నది. “మాకు ఎవరు ఏం చెప్తారు?”

సంచి దులపమన్నందుకు తప్పైందని చెప్పాను. నా నోట ఆ మాట రావడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను. ఆమె చేతిలోని అట్ట గుమ్మం మీద పెట్టింది. సోమవారం వస్తానన్నది, మిగతా ఆరుగురినీ తెస్తానన్నది. ఒక షరతు పెట్టింది. మీ సార్ కొలిచి వెళ్ళిన ఆ పూటే తెల్ల దారం వాటికి కూడా మందు పొయ్యాలట, తను నిలబడి చూస్తుందట. మీ సార్‌కు చెప్పి రాయించుకో. నోటి మాట ఆమె ఒప్పుకోదు.

అక్కడితో వచ్చేసి ఉంటే బాగుండేది. నేను ఊరుకోలేక, వచ్చే శుక్రవారం మా ఇంట్లో భోంచెయ్యి, హాల్లో ఆకు వేస్తాను, నా పక్కనే అన్నాను. చాలా పెద్ద మాట అన్నాననే అనుకున్నాను. ఆమె చేతికంటిన అట్టల గంజి కొంగుకు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

“నేను ఒక్కదాన్నేనా అమ్మా, అందరూనా?”

ఇప్పటికి నువ్వు రా, వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

“అట్టైతే వద్దమ్మా” అన్నది. కోపంగా కాదు. కూర్చుని మళ్ళీ అట్ట చేతిలోకి తీసుకుంది.

దారంతా నాకు మంట. ఇంత దిగి వచ్చి పిలిస్తే వద్దంటుందా అని ఆటోవాడితో కూడా చెప్పుకున్నాను. ఇంటికి వచ్చి నీళ్ళు తాగాను, హాల్లో కాసేపు నిలబడ్డాను. మీ మామ బతికుంటే ఏమనేవాడో తెలుసు, చుట్టాలు ఏమంటారో కూడా తెలుసు. ఇవాళ పొద్దున మళ్ళీ వాళ్ళ వీధికి పోయి, అందరూ అని చెప్పి వచ్చాను.

శుక్రవారం ఎనిమిది ఆకులు, వాళ్ళవి ఏడు, నాది ఒకటి, ఒకే వరసలో. వంట నేను చేస్తాను గానీ వడ్డించడానికి మనిషి కావాలి. గురువారం సాయంత్రం బస్సుకే రా. మీ ప్లేట్లలో ఏం పెట్టుకున్నా సరే, నాకు కబురు మాత్రం పంపకు.

పంచవర్ణం